పఫర్ జాకెట్ దాదా పేరు పింజారీ

డిసెంబరు ఆఖరి వారంలో మా అమ్మాయి కాలేజీ దోస్తులతో కలిసి లంబసింగి వెళ్ళొచ్చింది. వెళ్ళేముందు షౌక్‌గా ఒక పఫర్ జాకెట్ కొనుక్కుంది. నల్లది. ఒంటి చుట్టూ అడ్డంగా కుట్లు, కుట్టుకీ కుట్టుకీ మధ్య పొంగిన పూరీలా ఉబ్బు. తిరిగొచ్చేసరికి కంచె తీగ గీసుకుని మోచేతి దగ్గర జానెడు చిరిగింది. లోపలి తెల్లటి సరుకు బయటికి తొంగిచూస్తోంది. సీతమ్మధారలో మా వీధి దర్జీకి చూపిస్తే, "ఇది మిషన్ కింద జారిపోద్ది సార్, నావల్ల కాదు" అన్నాడు.

ఆదివారం రైతుబజారు నుంచి వస్తుంటే గురుద్వారా జంక్షన్‌కి ఇవతల, చెట్టు కింద ఒక పెద్దాయన పాత పరుపు విప్పి దూది గుట్ట పోసుకుని కూర్చున్నాడు. ప్రతి సర్దీ కాలంలో కనిపిస్తాడు. కూరగాయల సంచి ఇంట్లో పెట్టి, జాకెట్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన చిరుగులో రెండు వేళ్ళు పెట్టి, లోపలి సరుకు కాస్త లాగి, నలిపి, వాసన చూసి, నవ్వాడు.

"ఇది రజాయే కదా భాయ్! చేతులు పెట్టి కుట్టారు, అంతే."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ వ్యాసం అక్కడే మొదలైంది.

*

నిజానికి మా విశాఖకి చలికాలం అంటూ పెద్దగా లేదు. సముద్రం పక్కన ఉన్న ఊరు. జనవరిలో ఫజ్ర్ నమాజుకి వజూ చేసేటప్పుడు నీళ్ళు చురుక్కుమంటాయి, బీచ్‌రోడ్డులో వాకింగ్ చేసే పెద్దలు మంకీ క్యాపులు తీస్తారు, అంతే. సంక్రాంతి దాటితే అదీ ఉండదు. ఇక్కడ జాకెట్లు అమ్ముడయ్యేది అరకు కోసం, పాడేరు కోసం, ముఖ్యంగా లంబసింగి కోసం. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో, చింతపల్లి మండలంలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న ఆ చిన్న ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని దాని అర్థం చెబుతారు. ఆ పొగమంచులో ఫోటో దిగడానికి వైజాగ్ పిల్లలు లిబాస్ సిద్ధం చేసుకుంటారు. తప్పేం లేదు. చలికి కప్పుకోవడంలో ఫ్యాషన్ కొత్తదేం కాదు. మొగల్ పాదుషాలకీ ఈ పిచ్చి బాగానే ఉండేది.

అబుల్ ఫజల్ రాసిన ఆయిన్-ఎ-అక్బరీలో పాదుషావారి బట్టల కొట్టు గురించి ఒక ఆయిన్ ఉంది. శాలువాల గురించి ఇంకో ఆయిన్ ఉంది. అక్బర్‌కి బట్టలంటే ఎంత ముచ్చటంటే, వాడుకలో ఉన్న పేర్లు నచ్చక తనే కొత్త పేర్లు పెట్టాడు. శాలువాకి ఆయన పెట్టిన పేరు పర్మ్‌నర్మ్, అంటే చాలా మెత్తనిది అని. అప్పటిదాకా శాలువాని ఒంటి పొరగా కప్పుకునేవారు, వెనక వైపు దారాలు కనిపించేవి. రెండు శాలువాల్ని వెన్నుకు వెన్ను కలిపి, ఎటు తిప్పినా అందంగా కనిపించేలా వేసుకోవడం అక్బర్ పట్టించిన అలవాటు. దోశాలా అంటే అదే.

అదే పుస్తకంలో ఖబా అనే కోటు ప్రస్తావన వస్తుంది. లోపల దూది పెట్టి కుట్టిన కోటు. ఆ రోజుల్లో దాన్ని జామా-ఎ-పుంబాదార్ అనేవారట. ఫార్సీలో పుంబా అంటే దూది. పుంబాదార్ అంటే దూది ఉన్నది. మా అమ్మాయికి ఈ మాట చెబితే, "పఫర్, పుంబా, పేరు కూడా కలిసింది అబ్బా" అని నవ్వింది. రెంటికీ చుట్టరికం లేదు, ఊరికే చెవికి అలా తగిలింది. కానీ వస్తువు మాత్రం ఒకటే.

దీని వెనక ఉన్న హిక్మత్ చాలా సాదా. ఒంటికి వెచ్చదనం ఇచ్చేది దూది కాదు, దూది పోగుల మధ్య చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. గాలి కదిలితే ఒంటి వేడిని ఎత్తుకుపోతుంది. కదలకపోతే కాపలా కాస్తుంది. అందుకే దూదిని ఉత్తగా కుక్కితే లాభం లేదు. ఏకాలి, అంటే పోగు పోగూ విడదీసి పొంగించాలి. ఆ తర్వాత రెండు గుడ్డల మధ్య పరిచి, అది జారి ఒక మూలకి చేరకుండా మధ్య మధ్య టాకాలు వెయ్యాలి. మీర్జాలు తొడుక్కునే మీర్జాయీ, సిపాయిలు తొడుక్కునే దగ్లా, దాదీమా కప్పుకునే రజాయీ, మా అమ్మాయి జాకెట్, అన్నిటికీ సూత్రం ఇదొక్కటే. పఫర్ జాకెట్ మీది అడ్డగీతలు అందం కోసం కాదు. అవి టాకాలు.

పశ్చిమానికి ఈ సంగతి మన వైపు నుంచే వెళ్ళిందని చెప్పడానికి మాటలే గవాహీ. మధ్యయుగాల్లో యూరప్ సైనికులు ఇనుప కవచం కింద తొడుక్కున్న దళసరి దూది కోటుని ఆక్టన్ అనేవారు. అది అరబ్బీ అల్-ఖుత్న్, అంటే దూది. ఇంగ్లీషు కాటన్‌కి మూలం కూడా ఆ ఖుత్నే. మ్యాట్రెస్ అనే మాట మత్రహ్ నుంచి వచ్చింది, కింద పరిచేది అని. మన తెలుగువాళ్ళు దిండుకి తొడిగే గలేబు కూడా అరబ్బీ గిలాఫే. మంచం ఎక్కితే మనందరం సగం అరబ్బులమే.

ఇక మన కోస్తా కథ. ఇది నాకు చాలా ఇష్టమైన కథ కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు మచిలీపట్నం. డచ్చివాళ్ళు 1606లోనూ, ఇంగ్లీషువాళ్ళు 1611లోనూ అక్కడ కొఠీలు పెట్టారు. మిరియాల దీవులకి వెళ్ళాలంటే వాళ్ళకి మన గుడ్డలు కావాలి, ఎందుకంటే అక్కడ మిరియాలకి మారుగా పుచ్చుకునేది ఈ గుడ్డలే. కృష్ణా ముఖద్వారం దగ్గర ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుతో వేసే ఎరుపు ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. ఖలంతో పువ్వులూ తీగెలూ గీసిన ఆ ఖలంకారీ గుడ్డ ఇరాన్ వెళ్ళింది, తర్వాత యూరప్ వెళ్ళింది. ఇక్కడ మనం దాన్ని ఎండకి పలచగా కట్టుకున్నాం. అక్కడ చలికి వాళ్ళేం చేశారంటే, దానికి అస్తరు వేసి, కొన్నిటికి మధ్యలో దూది కూడా పరిచి, ఇంట్లో వేసుకునే పొడుగు కోట్లు కుట్టించుకున్నారు. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే నౌకాశాఖ ఉద్యోగి తన డైరీలో 1661 జులైలో తనకోసం ఒక ఇండియన్ గౌను కొన్నట్టు రాసుకున్నాడు. 1666లో తన తస్వీర్ గీయించుకోవడానికి అలాంటి గౌనే ఒకటి కిరాయికి తెచ్చుకుని కూర్చున్నాడు. దర్జా అంటే అదీ. ఆ మోజు ఎంత ముదిరిందంటే అక్కడి నేతగాళ్ళు రోడ్లెక్కారు. ఫ్రాన్సు 1686లో మన అచ్చు గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1701లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా ఆంక్షలు పెట్టింది. అయినా దొంగచాటుగా వెళుతూనే ఉండేవి.

ఆ ఇంటి కోటుకి ఇంగ్లీషులో ఇంకో పేరు బనియన్. గుజరాతీ వాణియో, అంటే వర్తకుడు, ఆ మాట నుంచి వచ్చింది. ఇక్కడి నుంచి వెళ్ళి చలికోటు అయిన ఆ మాట తిరుగు ఓడలో వచ్చి, మన ఎండ దేశంలో చొక్కా కింద చెమట పీల్చే లోదుస్తు అయి కూర్చుంది.

మా ఊరికీ ఇందులో వాటా ఉంది. ఇంగ్లీషు కంపెనీ 1682లో విశాఖలో కొఠీ పెట్టింది. పోగుల లెక్కతో అమ్మే పుంజం బట్ట ఈ తీరం నుంచి ఎగుమతి అయ్యేది. పక్కనే భీమునిపట్నంలో డచ్చివాళ్ళ గోరీలు ఇప్పటికీ ఉన్నాయి. ఉత్తర సముద్రపు చలి నుంచి వచ్చి ఇక్కడి ఉక్కలో పోయినవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో మన గుడ్డ కప్పుకుని వెచ్చగా పడుకున్నవాళ్ళు ఎందరో.

సరే, నేత గురించి, రంగుల గురించి పుస్తకాలు ఉన్నాయి, మ్యూజియాలు ఉన్నాయి. మరి మధ్యలో దూది ఎవరు ఏకారు?

*

దూది ఏకేవాడికి అరబ్బీలో రెండు పేర్లు. ఒకటి నద్దాఫ్, ఇంకోటి హల్లాజ్. రెండో పేరు వినగానే మనకి గుర్తొచ్చేది మన్సూర్ హల్లాజ్. అనల్‌హక్ అన్నందుకు 922లో బగ్దాదులో ప్రాణం పోగొట్టుకున్న సూఫీ. ఆయనకి ఆ పేరు రావడం వెనక ఒక కిస్సా చెబుతారు. దూది వ్యాపారి దుకాణంలో కూర్చుని ఆ వ్యాపారిని ఏదో పని మీద పంపాడట. అతను తిరిగొచ్చేసరికి దుకాణంలోని దూదంతా ఏకి ఉందట. నిజమో కాదో అల్లాకే తెలుసు. ఉత్తర హిందుస్థాన్‌లో దూదేకే బిరాదరీ ఆ మన్సూర్ పేరు మీదే తమని మన్సూరీలని చెప్పుకుంటారు.

మన తారీఖ్‌లో పేషా పేరు పెట్టుకోవడం ఐబు కాదు. అత్తరు అమ్మినాయన అత్తార్. చెప్పులు కుట్టి బతికిన ఫఖీహ్ పేరు ఇమామ్ ఖస్సాఫ్, ఖలీఫా కొలువులో కూడా ఆ పేరుతోనే ఉన్నాడు. మన ఇమామ్ అబూ హనీఫా బట్టల వ్యాపారం చేశాడు. చేతిపని పేరే లఖబ్ అయి, కితాబుల అట్టల మీద ఇజ్జత్‌గా కూర్చుంది.

మరి ఇక్కడ? సంస్కృతంలో పింజనం అంటే దూదిని ఏకే విల్లు. ఆ విల్లు పట్టినవాడు పింజారీ. తెలుగులో దూదేకుల. నూర్‌బాషా అనీ అంటారు. తెలుగే మాతృభాష అయిన ముస్లింలు. 1909లో మద్రాసులో అచ్చయిన థర్‌స్టన్ ఏడు సంపుటాల కులాల పుస్తకంలో కూడా వీళ్ళ గురించి ఉంది, దూది శుభ్రం చేసే ముస్లింలు అని. భుజాన విల్లు వేసుకుని, నారిని టంగుమని మోగించుకుంటూ ఊరూరా తిరిగారు. ఆ చప్పుడే వాళ్ళ కేక. చలికాలం ముందు ఇంటికొచ్చి, గడ్డకట్టిన పాత పరుపుల్ని విప్పి, ఆ నారిని దూదిలో పెట్టి చెక్కగుండుతో కొడితే దూది మబ్బులా లేచేది. గదంతా తెల్లగా అయ్యేది. ఆ తెలుపు ఆయన మీసాల్లోనూ, కనుబొమ్మల్లోనూ, ఊపిరితిత్తుల్లోనూ చేరేది. దూది దుమ్ము వల్ల వచ్చే ఊపిరి జబ్బుకి డాక్టర్లు బిస్సినోసిస్ అని పేరు పెట్టారు. ఊళ్ళో అందరికీ వెచ్చటి నిద్ర ఇచ్చి, తను రాత్రంతా దగ్గేవాడు.

ఆ మనిషి పేరుని తెలుగు జబాన్ ఏం చేసింది? తిట్టు చేసింది. పింజారీ అంటే ఇవాళ్టికీ నీచుడు, పిసినారి, పనికిమాలినవాడు. సినిమాల్లో నవ్వించడానికి వాడతారు, మాస్టర్లు క్లాసులో వాడతారు. పదో తరగతిలో ఒక మాస్టారు హోంవర్కు చెయ్యనివాణ్ణి ఆ మాట అంటే నేనూ అందరితో కలిసి నవ్వాను. మూడో బెంచీలో ఒకడు నవ్వలేదు. వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

దీన్నంతా పక్కవాళ్ళ మీదికి తోసేసి చేతులు కడుక్కోలేను. మా ఇంట్లో సంగతీ చెప్పాలి. మాది ఉర్దూ మాట్లాడే ఇల్లు. దాదీమా ప్రతి ఏడూ రజాయి ఏకించేది. ఆయన సలాం చేస్తే వాలేకుంసలాం అనేది, కానీ లోపలికొచ్చి, "వాళ్ళేం ముసల్మానులు, ఉర్దూ కూడా రాదు" అనేది. అల్లా ఆమెని మగ్ఫిరత్ చేయుగాక, మంచి మనిషి, అందరికీ పెట్టే చెయ్యి. అయినా ఆయనకి చాయ్ ఇచ్చే కప్పు వేరుగా కిటికీ మీద ఉండేది. రిష్తాల మాట వస్తే ఇక చెప్పక్కర్లేదు. జుమ్మాకి ఒకే సఫ్‌లో భుజం భుజం కలుపుతాం, నికాకి మాత్రం వంశావళి తీస్తాం. రాజ్యం లెక్కల్లో కూడా దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు. మిగిలిన వెనకబడిన ముస్లింలలో చాలామందికి 2007లో బీసీ-ఇ వచ్చింది. ఆ రెండు అక్షరాల మధ్య దూరం మా మస్జిద్ గేటు బయట చెప్పుల దగ్గరే మొదలవుతుంది.

ఈ తిట్టుని ఎత్తి తిరిగి లోకం ముందు పెట్టినాయన షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన దూదేకుల బిడ్డ. బుర్రకథ అంటే నాజర్, నాజర్ అంటే బుర్రకథ. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెబుతుంటే వేలమంది నోళ్ళు తెరుచుకుని వినేవారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు పింజారి. అంతే, ఒక్క మాట. ఆ పుస్తకాన్ని దుకాణంలో అడగాలంటే ఆ మాటని తిట్టులా కాకుండా పలకాలి.

ఇందాకటి శాలువా దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్దాం. అదీ చలికాలపు గుడ్డే, అదీ మన ఫార్సీ మాటే. పాదుషాలు ఖిల్అత్ ఇచ్చే రివాజు మెల్లగా సభల్లోకి దిగి, ఇవాళ తెలుగునాట ఏ సన్మానమైనా శాలువా కప్పందే జరగదు. మేనెలలో కూడా కప్పుతారు! చెమటతో తడిసిపోతూ ఫోటోకి నవ్వాలి. నాకూ రెండున్నాయి, ఒక్కటీ చలికి పనికొచ్చేది కాదు. ఒకే సర్దీ నుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి ఇజ్జత్ అయింది, ఇంకోటి గాలీ అయింది. అయితే శాలువా ఇజ్జత్ కూడా కప్పుకున్నవాడికే, నేసినవాడికి కాదు. శ్రీనగర్‌లో 1865 ఏప్రిల్ 29న శాలువా నేతగాళ్ళు పన్నుల బరువు మొయ్యలేక జాల్డగర్ దగ్గర ఊరేగింపు తీస్తే దోగ్రా రాజు సైన్యం మీద పడింది. 28 మంది చనిపోయారని చెబుతారు. వాళ్ళ పేర్లు మనం సన్మాన పత్రాల్లో చదవం.

పడమటివాళ్ళు ఈ రజాయీ కోటుని మళ్ళీ కనిపెట్టింది 20వ శతాబ్దంలో. 1922 ఎవరెస్టు యాత్రకి జార్జ్ ఫించ్ అనే ఆయన బెలూన్ గుడ్డలో బాతు ఈకలు కుక్కి కోటు కుట్టించుకొస్తే తోటి దొరలు నవ్వారు. చలి ముదిరాక కుళ్ళుకున్నారు. 1936లో అమెరికాలో ఎడ్డీ బాయర్ ఈకల జాకెట్ తయారుచేశాడు. 1940లో పేటెంట్ పుచ్చుకున్నాడు. ఆ తర్వాత ఈకల బదులు పాలిస్టర్ వచ్చింది, ధర తగ్గింది, అది సీతమ్మధార ఫుట్‌పాత్ దాకా దిగింది. ఆ పాలిస్టరే ఫోమ్ పరుపులతో కలిసి మన దూదేకుల పేషాని తినేసింది. ఏకేందుకు దూది ఉంటే కదా.

*

చెట్టు కింద ఆయన్ని అడిగాను, "చాచా, ఈ లోపలిది మీ విల్లుతో ఏకొచ్చా?"

"ఇది దూది కాదు బాబూ, ప్లాస్టిక్కు. నారికి చుట్టుకుపోద్ది. ఏకనవసరం లేదు, కుదించి కుట్టేస్తాను." పొడుగు సూది తీశాడు. విల్లు పక్కనే చెట్టుకి ఆనించి ఉంది, నారి మీద దూది పీచులు. ఇప్పుడు ఎక్కువ పని మోటారు మిషను మీదే అన్నాడు, విల్లు మూలలు సరిచెయ్యడానికి. కొడుకు ఆటో తోలతాడట. మనవరాలు ఇంటర్.

నేను అలవాటుగా ఉర్దూలో ఏదో అన్నాను. ఆయన తెలుగులోనే జవాబిచ్చాడు. "మా ఇంట్లో తెలుగే భాయ్. దువా మాత్రం అరబ్బీలో." ఆ మాటలో సిగ్గూ లేదు, కోపమూ లేదు. సిగ్గు నాకే వేసింది.

నల్ల దారం లేక తెల్లదారంతో కుట్టాడు. చుక్క చుక్కగా, రజాయి మీద వేసే టాకాలే. బేరం ఆడలేదు, ఆయనా ఎక్కువ అడగలేదు. అప్పుడు మా అటక మీద ఉన్న దాదీమా రజాయి గుర్తొచ్చింది. ఆమె పోయాక దాన్ని ఎవరూ విప్పలేదు. సముద్రపు తేమకి లోపల దూది ఉండలు కట్టి రాయిలా అయింది. ఏకుతారా అని అడిగాను.

"తీసుకురండి. దూది ఎంతుంది?"

"నాలుగు కిలోలు ఉంటుందేమో."

"ముందే చెబుతున్నాను భాయ్," అన్నాడు సూది నోట్లో పెట్టుకుని, ముడి వేస్తూ. "నాలుగు కిలోలిస్తే నాలుగూ రాదు. పాత దూదిలో దుమ్ము ఉంటది, ఏకితే పోద్ది. మీ ముందే తూకం వేస్తాను, మీ ముందే ఏకుతాను. తర్వాత తగ్గిందంటే మాత్రం ఊరుకోను."